దీపముండగానే దివి లైట్‌హౌసును చక్కబెట్టుకోవాలి

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. ఇది ఇంటికి చెప్పిన మాటే అయినా, సముద్రం ఒడ్డున బతుకుతున్న మన దివిసీమకు అక్షరాలా వర్తిస్తుంది. నాగాయలంక మండలం గుల్లలమోద వద్ద, భూమి అయిపోయి బంగాళాఖాతం మొదలయ్యే చోట ఒక లైట్‌హౌసు ఉంది. మోపిదేవి, అవనిగడ్డ, చల్లపల్లి ప్రాంతాల వారిలో దాని పేరు విననివారు ఉండరు. దగ్గరకు వెళ్లి చూసినవారు తక్కువ. అది ఎందుకు అక్కడ ఉందో పిల్లలకు చెప్పగలిగినవారు ఇంకా తక్కువ. దీపపు సెమ్మె కింద చీకటి అంటే ఇదే.

ఇప్పుడు ఈ ప్రస్తావన దేనికని పాఠకులు అడగవచ్చు. గుల్లలమోద ప్రాంతంలో రక్షణ శాఖ వారి క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న ప్రధానమంత్రి అమరావతి నుంచి శంకుస్థాపన చేశారు. బందరులో కొత్త ఓడరేవు పనులు 2023 మే నెలలో మొదలయ్యాయి. మన తీరం రూపురేఖలు మారే కాలం ఇది. కొత్తవి వచ్చేటప్పుడు పాతవాటి సంగతి ముందుగా తేల్చుకోకపోతే, తరువాత తేల్చేవారు ఉండరు. అందుకే ఈ నాలుగు మాటలు.

పేరులోనే ఉన్న ప్రమాదం

పులిగడ్డ వద్ద కృష్ణమ్మ రెండుగా చీలి, మధ్యలో మన దివిసీమను వదిలి సముద్రంలో కలుస్తుంది. నది తెచ్చి పోసిన ఒండ్రుతో ఏర్పడిన నేల కావడం వల్ల ఒడ్డున కొండ లేదు, గుట్ట లేదు. మడ అడవి, ఇసుక దిబ్బ, ఉప్పు పర్ర తప్ప సముద్రం మీద వచ్చేవాడికి గుర్తుగా కనబడేది ఏమీ లేదు. విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండ ఉన్నది కనుక 1957లో ఆ కొండ మీద లైట్‌హౌసు నిలిపారు. సంతపిల్లి దగ్గర కూడా కొండే ఆసరా అయింది. ఓడలను సముద్రంలోని రాళ్ల నుంచి తప్పించడానికి ఈస్టిండియా కంపెనీ కాలంలో, 1847లో అక్కడ దీపం పెట్టారు. మన దివికి ఆ వసతి లేదు. ఎత్తు కావాలంటే కట్టుకోవలసిందే.

నావికుల పటాలలో మన తీరానికి రెండు పేర్లున్నాయి. ఒకటి డివి పాయింట్. రెండవది ఫాల్స్ డివి పాయింట్, అంటే దొంగ దివి మొన. దక్షిణాన మద్రాసు వైపు నుంచి వచ్చే ఓడకు ముందు తగిలే మొన ఈ రెండవది. దీనినే అసలు దివి మొన అనుకుని బందరు దగ్గరపడిందని పొరబడే అవకాశం ఉన్నందున ఆ పేరు పడింది. అటు చూస్తే ఒడ్డంతా ఒకే తీరు. ఇటు చూస్తే నీరు లోతు లేదు. మొగల దగ్గర ఇసుక మేటలు ఏడాదికో చోటికి మారుతుంటాయి. అటువంటి చోట పొరబాటుకు శిక్ష ఓడ మెరక పట్టడమే.

ఎత్తు ఎందుకు కావాలో పల్లెకారుడికి వేరే చెప్పనక్కరలేదు. భూమి గుండ్రంగా ఉన్నందున ఒడ్డున నిలబడిన మనిషికి సముద్రం నాలుగైదు కిలోమీటర్ల వరకే కనబడి, ఆపైన కిందికి దిగిపోతుంది. అదే ముప్పై మీటర్ల ఎత్తున దీపం పెడితే సుమారు ఇరవై కిలోమీటర్ల దూరం దాకా నీటి మీదికి వెలుగు తగులుతుంది. పడవలో నిలబడిన మనిషికి మరో నాలుగు కిలోమీటర్లు ముందుగానే అందుతుంది. లైట్‌హౌసు ఎత్తులో ఆడంబరం ఏమీ లేదు. ప్రతి అడుగూ లెక్క ప్రకారం కట్టిందే.

ఓడలు వచ్చిన తీరం

మన తీరానికి ఓడలు కొత్త కావు. రెండవ శతాబ్దంలో టాలమీ అనే గ్రీకు భూగోళ పండితుడు మైసోలియా అని పేర్కొన్నది ఈ కృష్ణా ముఖద్వార సీమనే. ఆయన కంటకోసిల అని రాసిన వర్తక పట్టణం మన ఘంటసాలేనని చరిత్రకారులు నిర్ణయించారు. అక్కడి బౌద్ధ స్తూపం, శిల్పాలు ఆనాటి సంపదకు సాక్ష్యం. గోల్కొండ నవాబుల కాలంలో బందరు తూర్పు తీరానికే పెద్ద రేవు. ఇంగ్లీషు వారు 1611లో ఇక్కడ వర్తకశాల పెట్టారు. అప్పటికే డచ్చివారు దిగి ఉన్నారు. తరువాత ఫ్రెంచివారూ వచ్చారు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు బందరు కోటను ఫ్రెంచివారి చేతినుంచి పట్టుకున్నాడు. కలంకారీ అద్దకం బట్టలు ఇక్కడి నుంచే దేశదేశాలకు వెళ్లాయి.

అయితే బందరుకు మొదటి నుంచీ ఒక లోపం ఉంది. రేవులో నీరు లోతు లేనందున పెద్ద ఓడలు మైళ్ల దూరాన లంగరు వేసుకునేవి. సరుకు పడవల మీద ఒడ్డుకు చేర్చవలసి వచ్చేది. అటుపైన 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చింది. సముద్రం ఊరి మీద పడింది. ముప్పై వేలమంది చనిపోయారని ఆనాటి లెక్క. ఆ దెబ్బ నుంచి బందరు రేవు మళ్లీ కోలుకోలేదు. కోటలో ఉన్న సైన్యాన్ని కూడా తెల్లవారు తరువాత ఎత్తివేశారు. కోట కట్టడాలు పాడుపడి మిగిలాయి.

రేవు ఉన్నంత కాలం కోటకు విలువ ఉన్నది. రేవు పోగానే కోటను పట్టించుకునేవాడు లేకపోయాడు. కళ్లెదుట ఉన్న ఈ పాఠాన్ని లైట్‌హౌసు విషయంలో కూడా నేర్చుకోకపోతే తప్పు మనదే అవుతుంది.

మద్రాసు వారు ఏం చేశారు

మన పెద్దవారికి మద్రాసు పరాయి ఊరు కాదు. కోర్టు పనికీ, చదువుకూ, సరుకుకూ అందరూ వెళ్లివచ్చిన పట్టణమే. అక్కడ లైట్‌హౌసు రెండు వందల ఏళ్లలో నాలుగు చోట్లకు మారింది. ఆ కథ మనకు పనికివస్తుంది.

మొదటి దీపం 1796లో సెయింట్ జార్జి కోటలోని ఒక మేడ మీద వెలిగింది. కొబ్బరినూనె పోసి వత్తులు వెలిగించేవారు. ఆ మేడ ఇప్పుడు కోట మ్యూజియం. అది చాలక కోటకు ఉత్తరాన నల్లరాతితో 125 అడుగుల స్తంభం లేపి 1844లో దీపం అక్కడికి మార్చారు. కెప్టెన్ స్మిత్ అనే ఇంజనీరు దానిని కట్టించాడు. తరువాత హైకోర్టు భవనం లేచింది. దాని గోపురం ఈ స్తంభం కంటే ఎత్తు కావడంతో 1894లో దీపం కోర్టు గోపురం మీదికి ఎక్కింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మనీ ఓడ మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు తొట్లకు నిప్పు పెట్టిన నాడు దీపం ఆ గోపురం మీదే ఉన్నది. చివరకు 1977 జనవరిలో మెరీనా ఒడ్డున కొత్త లైట్‌హౌసు వచ్చింది. లిఫ్టు కూడా పెట్టారు. భద్రతా కారణాలతో చాలా ఏళ్లు మూసి ఉంచి, 2013లో మళ్లీ జనానికి తెరిచారు.

ఇందులో గమనించవలసింది ఒకటి ఉంది. దీపం నాలుగు చోట్లకు మారింది కాని, ఏ చోటునూ కూలదోయలేదు. మేడ ఉంది, రాతి స్తంభం ఉంది, కోర్టు గోపురం ఉంది. 1844 నాటి స్తంభం ఇప్పటికీ హైకోర్టు ఆవరణలో నిలబడి ఉంది. వకీళ్లూ, కక్షిదారులూ దాని పక్కగానే తిరుగుతారు. పుదుచ్చేరిలో 1836లో వెలిగించిన ఫ్రెంచివారి లైట్‌హౌసు 1979 దాకా పనిచేసింది. కొత్తది వచ్చాక దానికి విశ్రాంతి ఇచ్చారు తప్ప పడగొట్టలేదు. మహాబలిపురంలో పల్లవుల నాటి గుడి కప్పు మీదే ఒకప్పుడు దీపం పెట్టేవారు. పక్కనే రాతి లైట్‌హౌసు కట్టాక గుడిని గుడిగా వదిలేశారు. ఆ లైట్‌హౌసును 2011 నుంచి సందర్శకులకు తెరిచారు.

పని అయిపోయిన కట్టడానికి కూడా గౌరవం ఇవ్వవచ్చునని ఈ ఊళ్లు చూపాయి. మన లైట్‌హౌసు పనిలో ఉన్నది. దానికి ఇంకెంత గౌరవం ఇవ్వాలి?

ఉపగ్రహాలు ఉండగా దీపం దేనికి?

ఈ ప్రశ్న చదువుకున్నవారే ఎక్కువగా వేస్తారు. పెద్ద ఓడలకు ఉపగ్రహాల సాయంతో తామున్న చోటు మీటర్ల తేడాతో తెలిసిపోతున్న మాట నిజమే. కాని మన మొగల నుంచి వేటకు పోయేవి పెద్ద ఓడలు కావు. నాటు పడవలు, చిన్న మరపడవలు. వాటిలో యంత్రం ఉన్నా బ్యాటరీ అయిపోతుంది, నీళ్లు పడి పాడవుతుంది. సెల్‌ఫోనుకు నడిసముద్రంలో సిగ్నలు అందదు. అటువంటి రాత్రి ఒడ్డున వెలిగే దీపం ఒక్కటే ఆధారం. దానికి బ్యాటరీ కొననక్కరలేదు, ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. పగటిపూట గోపురమే గుర్తు.

పైగా ప్రతి లైట్‌హౌసుకూ తనదైన మెరుపు లెక్క ఉంటుంది. ఇన్ని సెకండ్లకు ఇన్నిసార్లు మెరవాలని ముందే నిర్ణయించి నావికుల పుస్తకాలలో అచ్చువేస్తారు. ఆ లెక్కను బట్టి ఇది ఫలానా ఊరి దీపమని నావికుడు గుర్తుపడతాడు. దొంగ మొన ఉన్న చోట ఇది ఎంత అవసరమో వేరే చెప్పాలా?

దీపం తయారీ కూడా చాలా మార్పులు చూసింది. కొబ్బరినూనె పోయి కిరసనాయిలు, అది పోయి విద్యుత్తు, ఇప్పుడు సూర్యకాంతితో నడిచే చిన్న బల్బులు వచ్చాయి. వీటన్నిటి మధ్య గొప్ప మలుపు ఫ్రెనెల్ అనే ఫ్రెంచి ఇంజనీరుది. 1823లో ఆయన గాజు పలకలను వలయాలుగా పేర్చి, నలుదిక్కులా చెదిరిపోయే వెలుతురును ఒక్క దారికి మళ్లించాడు. చిన్న దీపమే మైళ్ల దూరం పోయింది. పాత లైట్‌హౌసులలో ఆ గాజు అద్దాలు ఎక్కడ మిగిలినా బంగారంతో సమానం. పగిలితే అటువంటిది మళ్లీ చేయించడం సామాన్యమైన పని కాదు.

1977 నవంబరు 19 శనివారం దివిసీమ మరువలేని రోజు. సుమారు పదహారు అడుగుల ఎత్తున లేచిన ఉప్పెన సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలైన ఊళ్లను ముంచివేసింది. పదివేల మంది దాకా పోయారన్నది ప్రభుత్వ లెక్క. జనం చెప్పే లెక్క అంతకంటే ఎక్కువ. మద్రాసు మెరీనాలో కొత్త దీపం వెలిగిన ఏడాదే మన ఇళ్లలో దీపాలు ఆరిపోయాయి. ఉప్పెనను లైట్‌హౌసు ఆపలేదు, నిజమే. కాని ఒడ్డున నిలిచే గట్టి కట్టడం, అందులో మనిషి, ఆ మనిషికి బయటి ప్రపంచంతో మాట కలిపే సాధనం, ఈ మూడూ ఉండడం ఎంత ముఖ్యమో ఆ రాత్రి నేర్పింది. ఆ తరువాతనే తుపాను షెల్టర్లు లేచాయి.

ఏ కట్టడానికి ఆ వైద్యం

మరమ్మతు అనగానే సిమెంటు పూసి, సున్నం కొట్టి, ప్రారంభోత్సవం ఫలకం తగిలించడం మనకు అలవాటు. ఉప్పుగాలి కట్టడాలకు ఈ వైద్యం పనికిరాదు.

పాతకాలపు ఇటుక, రాతి కట్టడాలలో వాడింది గానుగ సున్నం. సున్నమూ ఇసుకా ఎద్దుల గానుగలో రుబ్బి, బెల్లపు నీళ్లు, కరక్కాయ రసం కలిపి వాడేవారు. మన ఊళ్లలో పాత గుళ్లూ, మేడలూ కట్టిన మేస్త్రీలకు తెలిసిన విద్యే. ఈ సున్నానికి ఊపిరి ఉంటుంది. గోడలోకి దిగిన తేమ తిరిగి బయటికి పోతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని, ఉప్పు పేరుకుని, ఇటుకను పొడి చేస్తుంది. పైకి నున్నగానే కనబడుతుంది, లోపల పుచ్చిపోతుంది.

కాంక్రీటు కట్టడానిది వేరే జబ్బు. సన్నని పగుళ్ల గుండా ఉప్పు లోపలి ఇనుప చువ్వకు చేరుతుంది. చువ్వ తుప్పుపట్టి ఉబ్బి, పైనున్న కాంక్రీటును పెచ్చులుగా ఊడదీస్తుంది. మొదటి పగులు కనబడినప్పుడే చూసుకుంటే వేలల్లో పోయే ఖర్చు, పెచ్చు ఊడాక లక్షల్లోకి పోతుంది. కనుక ముందు పరీక్ష, తరువాతే పని. గోపురం ఒకటే చూస్తే సరిపోదు. మెట్లు, పైన దీపపు గది, పాత దీపపు సామాను, కాపలాదారుల ఇళ్లు, రోజువారీ రాసిన దస్త్రాలు, అన్నీ కలిస్తేనే లైట్‌హౌసు అవుతుంది.

ఇక సముద్రపు కోత సంగతి. నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి జలాశయాల వెనుక ఒండ్రు ఆగిపోతున్నందున కృష్ణా డెల్టా ఒడ్డుకు కొత్త మట్టి చేరడం తగ్గింది. తీరం చాలాచోట్ల కోసుకుపోతున్నదని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. మడ అడవి ఉన్న చోట కోత నెమ్మదిగా, నరికిన చోట వేగంగా ఉంటుంది. మడ చెట్టును కాపాడితే లైట్‌హౌసును కాపాడినట్లే.

సముద్రం ముంచుకొస్తే ఇతర దేశాలలో ఏం చేశారో చూడండి. ఇంగ్లండులో స్మీటన్ అనే ఇంజనీరు నడిసముద్రపు బండ మీద కట్టిన రాతి లైట్‌హౌసు 1759లో వెలిగింది. మన బందరు కోట చేతులు మారిన ఏడాదే అది. నూరేళ్లు దాటాక కింద బండను కెరటాలు తినివేశాయి. గోపురానికి మాత్రం ఏమీ కాలేదు. ఆ ప్రాంతపు జనం చందాలు వేసుకుని, పైభాగాన్ని రాయి రాయిగా విప్పి ప్లిమత్ పట్టణపు గట్టు మీద 1884 నాటికి మళ్లీ నిలబెట్టుకున్నారు. అమెరికాలో కేప్ హటెరస్ అనే చోట సముద్రం దగ్గరపడితే 1999లో మొత్తం లైట్‌హౌసునే పట్టాల మీద 2900 అడుగులు లోపలికి జరిపారు. అంత ఖర్చు మనం పెట్టాలని ఎవరూ అనరు. ఆ పట్టుదలలో పదోవంతు చూపినా చాలు.

చట్టం ఉంది, సొమ్మూ ఉంది

లైట్‌హౌసులు కేంద్ర ప్రభుత్వానివి. వాటి కోసం 1927లో ఒక చట్టం వచ్చింది. రేవులకు వచ్చే ఓడల నుంచి దీపపు సుంకం వసూలుచేసి, ఆ సొమ్ముతో దీపాలు నడిపే పద్ధతి దానితో దేశమంతటికీ స్థిరపడింది. 2021లో పాత చట్టం స్థానంలో కొత్తది వచ్చింది. ఇందులో మనకు పనికివచ్చే మాట ఒకటుంది. తన అధీనంలో ఉన్న ఏ లైట్‌హౌసునైనా వారసత్వ లైట్‌హౌసుగా ప్రకటించే అధికారం కేంద్రానికి ఉంది. అలా ప్రకటించినవాటిని చదువుకూ, సంస్కృతికీ, పర్యాటకానికీ అనువుగా తీర్చిదిద్దవచ్చు. 2024 ఫిబ్రవరి 28న దేశంలో 75 లైట్‌హౌసులను పర్యాటక వసతులతో జాతికి అంకితం చేశారు. ఏటా సెప్టెంబరు 21న లైట్‌హౌసుల దినం జరుపుతున్నారు. ఇన్ని ఉండగా పంచాయతీ ఖజానా నుంచి పైసా తీయనక్కరలేదు. అడగవలసిన చోట అడగడమే మన వంతు.

దేశ రక్షణకు క్షిపణి కేంద్రం అవసరాన్ని దివిసీమ ప్రజలెవరూ కాదనరు. అయితే కేంద్రం వచ్చాక లైట్‌హౌసుకు దారి ఎటు, ఎవరికి, ఏ వేళల్లో అన్నది ముందుగానే ప్రజలకు చెప్పాలి. వేటకు పోయే పల్లెకారులకు పరీక్షల రోజులను పెందలాడే తెలియజేయాలి. రెండు శాఖలూ కేంద్రానివే కనుక ఒకరి మీద ఒకరు నెట్టుకోవలసిన పని లేదు.

అందుచేత సంబంధిత అధికారులనూ, ప్రజాప్రతినిధులనూ మేము కోరేది ఇది. ఒకటి, గోపురాన్నీ దాని చుట్టూ ఉన్న ఒడ్డునూ ఇంజనీర్ల చేత పరీక్ష చేయించి ఫలితం బయటపెట్టాలి. రెండు, దీపం చరిత్రనూ, మెరుపు లెక్కనూ, ఎత్తునూ, ఫాల్స్ డివి పాయింట్ పేరు వెనుక సంగతినీ తెలుగులో బోర్డు రాయించి అక్కడ పెట్టాలి. మూడు, ఏడాదికి కొన్ని రోజులైనా బడిపిల్లలకు పైకెక్కి చూసే అవకాశం ఇవ్వాలి. నాలుగు, పాత దీపపు సామాను, దస్త్రాలు ఏమున్నా తుక్కు కింద వేలం వేయకుండా భద్రపరచాలి. ఐదు, మడ అడవిని లైట్‌హౌసు రక్షణలో భాగంగా చూడాలి.

మనం చేయవలసింది కూడా కొంత ఉంది. ఆ దీపం చూసి ఒడ్డు చేరిన పల్లెకారులు, ఉప్పెన నాటి సంగతులు కళ్లారా చూసిన పెద్దలు రోజురోజుకూ తగ్గిపోతున్నారు. 1977లో ఇరవై ఏళ్ల కుర్రవాడు ఇప్పుడు డెబ్బై దగ్గరపడ్డాడు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, మోపిదేవి ఉపాధ్యాయులు పిల్లల చేత వారి మాటలు రాయించి పంచాయతీలో ఒక ప్రతి, గ్రంథాలయంలో ఒక ప్రతి ఉంచితే ఖర్చు ఒక నోటు పుస్తకం. పంచాయతీ సభలలో పై ఐదు కోరికలతో తీర్మానం చేసి కలెక్టరు గారికీ, లైట్‌హౌసుల శాఖకూ పంపితే ఖర్చు ఒక కవరు.

మాఘ పౌర్ణమికి హంసలదీవిలో వేలమంది సాగరసంగమ స్నానం చేస్తారు. అంతమందిలో పదిమందైనా ఈసారి ఇళ్లకు వెళ్లి తమ పిల్లలకు గుల్లలమోద దీపం సంగతి చెప్పాలి. నేడు కొత్తగా ఉన్నదే రేపటికి పాతది. బందరు కోట గోడలు కూలాక చరిత్ర వెతుక్కుంటున్నాము. దివి దీపం వెలుగుతూ ఉండగానే ఆ పని చేసుకుందాము.